పదం ముందు నక్షత్రం

నిఘంటువు తెరిచి ‘సహ’తో మొదలయ్యే మాటలు వెతకండి. సహకారం, సహనం, సహవాసం, అన్నీ ఒక్కచోటే గుంపుగా దొరుకుతాయి. ఇప్పుడు ‘కారం’తో ముగిసే మాటలు వెతకండి. ఉపకారం ఒక మూల, నుడికారం ఇంకో మూల, మమకారం మరో మూల. మొదటి పుట నుంచి చివరి పుట దాకా తిరగేయక తప్పదు.

సెర్చ్ ఇంజిన్ కష్టమూ ఇదే. దాని ఇండెక్స్‌లో కూడా పదాలు వరుసక్రమంలోనే ఉంటాయి. నక్షత్రం ఉన్నచోట ఏ అక్షరాలైనా ఉండొచ్చని అర్థం. ‘సహ*’ అంటే చిటికెలో పని. ‘*కారం’ అంటే ఉన్న పదాలన్నిటినీ పట్టి చూడాలి.

1999లో డగ్ కటింగ్ లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ రాశాడు. ఆ పేరు ఆయన భార్య పేరులోని మధ్య మాట. 2001లో అది అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ గూటికి చేరింది. నక్షత్రం ఉన్న ప్రశ్న వస్తే తొలినాళ్ల లూసీన్ సరిపడే పదాలన్నీ ఏరి, ‘ఇదైనా సరే, అదైనా సరే’ అంటూ ఒక చాంతాడంత ప్రశ్న అల్లేది. పదాలు 1024 దాటాయా, ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది. ఇక పదం ముందే నక్షత్రం పెడితే ప్రశ్నను చదివి విడదీసే దాని క్వెరీ పార్సర్ డిఫాల్ట్‌గా ఒప్పుకోదు. కావాలంటే ప్రోగ్రాం రాసేవాళ్లే అనుమతి ఇచ్చుకోవాలి.

ఈ కట్టడి నాకు నచ్చుతుంది. సెట్టింగుల జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. తయారుచేసినవాళ్లు ఎలా వదిలితే ఏళ్ల తరబడి అలాగే నడుస్తుంది. ఒకరు తెలియక పెట్టిన నక్షత్రానికి అదే సర్వర్ మీద ఉన్న మిగతావాళ్లంతా ఎదురుచూస్తూ కూర్చోవడం న్యాయం కాదు.

అలాగని అడిగేవాళ్ల అవసరం అబద్ధమా? ఊరి పేరు చివర ‘పల్లె’ అన్నంతవరకే గుర్తున్నవాళ్లు ఇంకెలా వెతుకుతారు? లూసీన్ మీద కట్టిన సెర్చ్ సర్వర్ సోలర్, 2009లో వచ్చిన 1.4 వెర్షన్‌లో దీనికి ముచ్చటైన ఉపాయం చూపింది. పదాన్ని మామూలుగా ఒకసారి, తిరగేసి ఇంకోసారి ఇండెక్స్‌లో పెట్టడం. ‘మమకారం’ తిరగబడి ‘ంరాకమమ’ అవుతుంది. మనిషి నోరు తిరగదు గానీ యంత్రానికి అడ్డేముంది! ‘*కారం’ కూడా తిరగబడి ‘ంరాక*’ అవుతుంది. నక్షత్రం చివరికి పోయింది కాబట్టి వెతుకులాట మళ్లీ తేలిక. ఇండెక్స్ మాత్రం బరువెక్కుతుంది.

నక్షత్రం ఉన్న ప్రశ్నల కోసం 2012లో లూసీన్ 4.0 ఆటోమేటన్ పద్ధతికి మారింది. పనికిరాని పదాల గుంపులను దాటేసుకుంటూ పోవడం దాని బలం. అయినా నక్షత్రం ముందే ఉంటే దాటేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

లూసీన్ మీదే కట్టిన మరో సెర్చ్ ఇంజిన్ ఎలాస్టిక్‌సెర్చ్ 2010లో వచ్చింది. దాని ‘క్వెరీ స్ట్రింగ్’ రకం ప్రశ్నలో పదం ముందు నక్షత్రానికి డిఫాల్ట్‌గా తలుపు తెరిచే ఉంటుంది. ఇలా సర్వర్‌కు భారమయ్యే ఖరీదైన ప్రశ్నలను మొత్తంగా ఆపే సెట్టింగ్ 2020లో, 7.7తో వచ్చింది. అదీ డిఫాల్ట్‌గా అనుమతించే వైపే ఉంది. నిర్వాహకులు పూనుకుని మార్చాలి. డిఫాల్ట్ ఆపే వైపే ఉండాల్సిందని నా గట్టి నమ్మకం.

అదే ఏడాది 7.9లో ఇలాంటి వెతుకులాట కోసమే ఒక ప్రత్యేక ఫీల్డ్ రకం వచ్చింది. రాసిన మాటను అది మూడేసి అక్షరాల ముక్కలుగా దాచుకుంటుంది. ప్రశ్నలోని ముక్కలు ఉన్న పత్రాలనే ముందు ఏరి, ఆ కొన్నిటిలోనే అసలు మాటను పోల్చి చూస్తుంది.