ఉపగ్రహ విధ్వంసక ఆయుధాలు – అగ్రరాజ్య సంబంధాలు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
1967 నాటి అంతరిక్ష ఒప్పందం అణ్వాయుధాలను, ఇతర సామూహిక విధ్వంసక ఆయుధాలను భూకక్ష్యలో నిలపరాదని నిర్దేశించింది. అయితే భూమి నుండి ప్రయోగించి ఉపగ్రహాన్ని కూల్చే సంప్రదాయ ఆయుధాలను అది నిషేధించలేదు. ఆ వెలితిని పూరించే ప్రయత్నాలు తొలుత ఎందుకు విఫలమయ్యాయో, తరువాత పరిమితంగానైనా ఒక మార్గం ఎలా ఏర్పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నిఘా ఉపగ్రహాలకు రక్షణ:
1972లో అమెరికా, సోవియట్ యూనియన్ క్షిపణి నిరోధక వ్యవస్థలపై ఒప్పందం చేసుకున్నాయి. దాని అమలును గమనించే ‘జాతీయ సాంకేతిక సాధనాల’కు ఆటంకం కలిగించరాదని అంగీకరించాయి. నిఘా ఉపగ్రహాలు ఆ సాధనాలలో ప్రధానమైనవి. ప్రత్యర్థి తన బలాన్ని చూడగలగడం తనకూ క్షేమమేనని ఉభయ పక్షాలూ గుర్తించాయన్నమాట. కాని ఉపగ్రహాలన్నీ తనిఖీకే పరిమితం కాలేదు. నౌకాదళ కదలికలను పసిగట్టే సోవియట్ ఉపగ్రహాలను అమెరికా యుద్ధసాధనాలుగానే పరిగణించింది.

నిర్వచన సమస్య:
లక్ష్య ఉపగ్రహాన్ని సమీపించి పేలే ఆయుధాన్ని సోవియట్ యూనియన్ 1968లోనే పరీక్షించింది. 1978–79లో హెల్సింకీ, బెర్న్, వియన్నా నగరాలలో ఇరుపక్షాలు చర్చలు జరిపాయి. అమెరికా స్పేస్ షటిల్‌ను కూడా ఆయుధంగా లెక్కించాలని సోవియట్ ప్రతినిధులు కోరారు. ఏది ఆయుధమో తేలకుండానే చర్చలు నిలిచిపోయాయి. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘానిస్థాన్‌లో ప్రవేశించడంతో వాటి పునరుద్ధరణకు అవకాశం సన్నగిల్లింది. 1985 సెప్టెంబరు 13న అమెరికా ఎఫ్-15 విమానం నుండి వదిలిన క్షిపణితో తన సోల్‌విండ్ ఉపగ్రహాన్ని ధ్వంసం చేసింది. 2008లో క్షిపణి రక్షణకు ఉద్దేశించిన అస్త్రంతోనే మరొక ఉపగ్రహాన్ని కూల్చింది. రక్షణాస్త్రానికి, విధ్వంసకాస్త్రానికి మధ్య గీత గీయడం ఎంత కష్టమో దీనితో స్పష్టమయింది.

శకలాల ప్రశ్న:
2007 జనవరి 11న చైనా తన ఫెంగ్యున్-1సి ఉపగ్రహాన్ని 800 కిలోమీటర్లకు పైబడిన ఎత్తులో ధ్వంసం చేయగా 3,000కు మించి శకలాలు ఏర్పడ్డాయి. 2019 మార్చి 27న భారత్ ‘మిషన్ శక్తి’ని సుమారు 300 కిలోమీటర్ల ఎత్తులో జరిపింది. శ్రీహరికోట నుండి పంపిన మైక్రోశాట్-ఆర్ అందులో లక్ష్యం. శకలాలు త్వరగా వాతావరణంలో పడి కాలిపోవాలన్నదే తక్కువ ఎత్తును ఎంచుకోవడంలోని ఉద్దేశం. 2021 నవంబరులో రష్యా జరిపిన పరీక్ష వల్ల అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు, రష్యన్లతో సహా, తమ నౌకలలో తలదాచుకోవలసి వచ్చింది. శకలాలకు స్వపర భేదం లేదు.

ముగింపు:
ఈ అనుభవమే 2022 నాటి మలుపుకు దారితీసింది. ఏప్రిల్‌లో అమెరికా శకలాలు సృష్టించే క్షిపణి పరీక్షలను మానుకుంటామని ప్రకటించింది. డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో అదే ఆశయంతో వచ్చిన తీర్మానాన్ని 155 దేశాలు సమర్థించాయి. రష్యా, చైనా వ్యతిరేకించగా భారత్ ఓటింగుకు దూరంగా ఉంది. ఆయుధాన్ని నిర్వచించే చిక్కును తప్పించి చర్యను నిషేధించడం ఈ మార్గంలోని బలం. ఆయుధాలు యథాతథంగా నిలిచి ఉండటం, పరీక్షలు ముగించుకున్న దేశానికి త్యాగం స్వల్పం కావడం దాని బలహీనత. అగ్రరాజ్యాల మధ్య విశ్వాసం నెలకొననంత వరకు ఇది ఒప్పందానికి తొలిమెట్టే తప్ప ప్రత్యామ్నాయం కాజాలదు.