నీతి చెప్పని పుస్తకము

పిల్లలు నిద్రించు వేళ వారికి చదివి వినిపింపదగిన పుస్తక మెట్టిది? విష్ణుశర్మనాటినుండి మన పెద్దల సమాధాన మొక్కటియే: కథ యను తేనెలో నీతి యను మందు రంగరింపవలెను. నీతియు కథయు రెండును లేని పుస్తక మొకటి అమెరికా దేశమున పుట్టి, పండితులచే నిరాకరింపబడి, గృహములందు నిలిచిన చరిత్రము మాకు విచారణీయముగా తోచుచున్నది.

దాని పేరు 'గుడ్‌నైట్ మూన్'. 1947వ సంవత్సరము సెప్టెంబరు నెలలో న్యూయార్కునందలి హార్పర్ అండ్ బ్రదర్స్ వారు దీనిని ప్రకటించిరి. రచించినది మార్గరెట్ వైజ్ బ్రౌన్. చిత్రములు వ్రాసినవాడు క్లెమెంట్ హర్డ్. మాటలన్నియు కలిపి సుమారు 130. పచ్చని గోడలు గల పెద్ద గదిలో ఒక కుందేలుపిల్ల మంచముమీద పరుండియుండును. టెలిఫోను, ఎఱ్ఱని బుడగ, దువ్వెన, గిన్నెలో జావ, ఊలు అల్లుచు కూర్చున్న ముసలి కుందేలు: వీని పేర్లు మొదట చెప్పబడును, పిదప ఒక్కొక్కదానికి నిద్రవేళ వీడ్కోలు చెప్పబడును. అంతియే.

అంతియే యనుట పెద్దల చూపు. పసివానికి కనబడున దింకను కలదు. గదిలోని గడియారములు ఏడుగంటలతో మొదలై ఎనిమిదిగంటల పదినిమిషములకు చేరును. పుట పుటకు గది చీకటిపడుచుండును, కిటికీలో చందమామ పైకి వచ్చుచుండును. రంగుల పుటలలో చిన్న ఎలుక యొకటి మాటిమాటికి చోటు మార్చుచుండును. తండ్రి కన్ను అక్షరములమీద నుండగా బిడ్డ వ్రేలు ఎలుకను వెదకుచుండును. ఇట్లు చదువుకొనువా రిద్దరగుదురు. ఎవరి చదువు వారిది. క్రమముగా చదువువాని గొంతు తనంత తానే తగ్గును. యజుర్వేదమునందలి శాంతిమంత్రము ఆకాశమును, భూమిని, జలములను, ఓషధులను వేర్వేర పేర్కొని శాంతి కోరును గదా. పేరు పేరునను తలచుటలోనే మనస్సునకు నెమ్మది కలదని ఎఱిగినవారికి ఈ రచన కొత్త గాదు.

మా పాఠశాలకు వచ్చు తండ్రుల చేతికి బొమ్మలపుస్తకము నిచ్చినపుడెల్ల, ఇందు నేర్చుకొనదగిన దేమున్నదని అడుగుచుందురు. న్యూయార్కునందును ఈ ప్రశ్నయే వేఱొక రూపమున లేచినది.

లూసీ స్ప్రేగ్ మిచెల్ అను విద్యావేత్త ఆ నగరమున 1916లో విద్యాపరిశోధనలకై ఒక సంస్థను స్థాపించెను. 1930లో అది బ్యాంక్ స్ట్రీటు అను వీధికి మారి, పిమ్మట ఆ వీధిపేరనే ప్రసిద్ధి కెక్కినది. అచటివారు పిల్లల మాటలను శ్రద్ధతో విని వ్రాసికొనుచుండిరి. రెండుమూడేండ్ల బిడ్డకు రాక్షసులకంటె, రాజకుమారులకంటె తాను కన్న వీధి, విన్న చప్పుడు, తాకిన వస్తువు ఇవియే అద్భుతములని మిచెల్ మతము. 1921లో ఆమె ప్రకటించిన 'హియర్ అండ్ నౌ స్టోరీ బుక్' ఆ మతమునకు పతాకము. బ్రౌను 1935లో అచట శిక్షణకు చేరి, పసివారికొఱకు వ్రాయుటను పసివారి నుండియే నేర్చుకొనెను.

దీనికి ఎదురు నిలిచినవారు మూఢులు కారు. ఆన్ కారల్ మూర్ 1906 మొదలు 1941 వరకు న్యూయార్కు సార్వజనిక గ్రంథాలయమున బాలవిభాగముల కధికారిణి. పిల్లలను గ్రంథాలయపు గడప త్రొక్కనీయ వెనుకాడిన దినములలో వారికై గదులును, కథాకాలక్షేపములును ఏర్పరచినవారిలో అగ్రగణ్యురాలు. ఆ మేలు మరువదగినది గాదు. ఐనను ఒక తలుపు తెఱచిన చేయియే మఱియొక తలుపు మూయుట సంస్కారోద్యమములలో మనము చూచుచున్నదే. బాలసాహిత్యమునకు ప్రాణము ప్రాచీనకథలు, కల్పన అని ఆమె నిశ్చయము. బ్యాంక్ స్ట్రీటు వారి పద్ధతి ఆమెకు రుచింపలేదు. ఆమె పదవి విడిచిన పిమ్మటను ఆమె యభిరుచి ఆ విభాగమును విడువలేదు. 'గుడ్‌నైట్ మూన్' మితిమీరిన లాలిత్యము గలదని గ్రంథాలయమువారు దానిని కొనరైరి. 1972 వరకు దాని కచట చోటు దొరకలేదు.

2020లో ఆ గ్రంథాలయమే తన 125 ఏండ్ల చరిత్రమున పాఠకులు మిక్కిలిగా ఇంటికి గొనిపోయిన పది పుస్తకముల పట్టికను ప్రకటించెను. ప్రథమస్థానము 1962లో వెలువడిన ఎజ్రా జాక్ కీట్స్ బొమ్మలపుస్తకము 'ది స్నోయీ డే'కు దక్కినది. 'గుడ్‌నైట్ మూన్' పట్టిక కెక్కకుండుటకు 1972 వరకు తాము దానిని ఉంచకపోవుటయే హేతువని గ్రంథాలయమువారే చెప్పికొనిరి.

మూర్ వాదమును మేము పూర్తిగా త్రోసివేయజాలము. ఆరేడేండ్ల బిడ్డకు సముద్రములు దాటించు కథ కావలెను. వాడు దానికై మనలను నిలువనీయడు. కాని నిద్రవేళ రెండేండ్లవాడు కోరునది ప్రయాణము గాదు; తన గది, తన దుప్పటి రేపును ఉండునను ధైర్యము. చిత్ర మేమనగా, బ్రౌను ప్రాచీనకథలను వెడలగొట్టలేదు. ఆ పచ్చనిగది గోడలమీద చందమామను దాటి దుముకు ఆవును, కుర్చీలలో కూర్చున్న మూడు ఎలుగుబంట్లును పటములై వ్రేలాడుచున్నవి. వాదమునకు దిగినవారిలో ఎందఱు ఆ గోడలవంక చూచిరో!

బ్రౌను 1952లో ఫ్రాన్సుదేశమందలి నీస్ నగరమున 42 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఆమెకు బిడ్డలు లేరు. గ్రంథాలయపు తలుపు తెఱువబడుటకు అప్పటికి ఇంకను ఇరువదియేండ్లు కలవు. ఈలోగా తల్లులు ఒకరితో నొకరు చెప్పికొని ఆ పుస్తకమును దుకాణములందు కొనుచునే యుండిరి. అది ఇప్పటికి కోట్ల ప్రతులు చెల్లినది.