నడిగడ్డ డాబాల మీద సౌర విద్యుత్తు

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలోని పట్టణం అయిజ. ఈ ప్రాంతంలో ఇంటి డాబా అంటే మిరపకాయలు, ధాన్యం ఎండబోసుకునే చోటు. అక్కడే ఎండతో కరెంటు తీయడానికి రాయితీలు దశలవారీగా వచ్చాయి.

ఉమ్మడి రాష్ట్రంలో 1986లో ఏర్పడిన సంప్రదాయేతర ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ సౌరశక్తి పరికరాలను ప్రచారంలోకి తెచ్చింది. 2010లో మొదలైన జాతీయ సౌర మిషన్ బ్యాటరీలతో నడిచే వ్యవస్థలకు 30 శాతం రాయితీ ఇచ్చింది. బ్యాటరీ లేకుండా, మిగిలిన కరెంటును గ్రిడ్‌కు పంపి బిల్లులో తగ్గించుకునే నెట్ మీటరింగ్ తర్వాత విస్తరించింది. ఇళ్లపై గ్రిడ్ అనుసంధాన సౌర పథకం 2019 నాటి రెండో దశలో 3 కిలోవాట్ల వరకు రాయితీ 40 శాతమైంది.

2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం శాతాల లెక్కకు బదులు స్థిరమైన రాయితీ మొత్తాలను పెట్టింది. 1 కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన 78,000 రూపాయలు. సౌర ఫలకాలు, వాటిలోని సెల్స్ దేశంలో తయారైనవే కావాలి. రాయితీ సొమ్ము బిగింపు, తనిఖీ పూర్తయ్యాక యజమాని బ్యాంకు ఖాతాలో పడుతుంది.

3 కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి. ఫలకాలను దక్షిణానికి వాల్చి బిగిస్తే మంచి ఎండలో రోజుకు దాదాపు 12 యూనిట్లు వస్తాయి. పొరుగున నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొండారెడ్డిపల్లిని పూర్తి సౌర గ్రామంగా తీర్చిదిద్దే పని 2024లో మొదలైంది.