మన తీరంలో మునిగిన జపాను జలాంతర్గామి

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాసి ఇవ్వమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను కంభం చెరువు గురించో మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి గురించో వ్రాస్తాననుకుని ఉంటారు. వాటిని గురించి నాకంటే బాగా తెలిసినవారు మన సంఘంలోనే ఉన్నారు. నేను సముద్రం గురించి వ్రాస్తున్నాను. నల్లమల అంచున పుట్టి, జొన్న సంగటి తిని, రెవిన్యూ ఆఫీసుల్లో జమాబందీ లెక్కలు వ్రాసుకుంటూ రిటైరైనవాడికి ఓడల గొడవ ఎందుకని కొందరు మిత్రులు నవ్వవచ్చు. ఆ ఓడల గొడవ ఒకప్పుడు మన ఇళ్ళలో దీపాల దాకా వచ్చింది.

విశాఖ దగ్గర మునిగిన జలాంతర్గామి ఏదని అడిగితే పిల్లలు కూడా ఘాజీ అంటారు. 1971 డిసెంబరు నాటి రేడియో వార్తలు మన వయసువారికి గుర్తే. ఈ మధ్య దాని మీద సినిమా కూడా వచ్చింది. అయితే దానికి ఇరవై ఏడేళ్ళ ముందు, 1944 ఫిబ్రవరి 11న, విశాఖకు దక్షిణంగా పదహారు పదిహేడు మైళ్ళ దూరంలో జపాను వారి జలాంతర్గామి ఒకటి సిబ్బంది మొత్తంతో సహా మునిగింది. దాని పేరు రో-110. ఈ సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

యుద్ధం మన వైపుకు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. 1942 మార్చిలో రంగూను జపాను చేతికి చిక్కింది. దానితో బర్మా బియ్యమూ, బర్మా బావుల చమురూ ఆగిపోయాయి. అప్పట్లో మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో గదా ప్రకాశం జిల్లా ఏర్పడింది. మా నాయన చెప్పేవాడు, బియ్యం లోటు మనకంతగా తెలియలేదు, జొన్నా, సజ్జా, కొర్రా తినేవాళ్ళం కాబట్టి. కానీ కిరసనాయిలు దొరక్క మళ్ళీ ఆముదం దీపాలు తీయవలసి వచ్చిందని. గుడ్డ కంట్రోలు, పంచదార కంట్రోలు. "కంట్రోలు" అనే మాట మన పల్లెల్లో తెలుగు మాటే అయిపోయింది.

సముద్రం మీద అంతకుముందే ప్రారంభమైంది. 1942 జనవరి చివరలో ఐ-64 అనే జపాను జలాంతర్గామి మద్రాసు వైపు సముద్రంలో తిరుగుతూ సింధియా కంపెనీ వారి జలతరంగ్, జలపాలక అనే ఓడలనూ, ఒక అమెరికా ఓడనూ ముంచింది. వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ ఓడల్లో చాలావాటికి పేర్లు "జల" తోనే ఉండేవి. 1933లో విశాఖ కొత్త రేవులోకి మొట్టమొదట వచ్చిన జలదుర్గ కూడా వారిదే. తరువాత ఏప్రిల్ 6న విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ఆ వారంలోనే అడ్మిరల్ ఒజావా యుద్ధనౌకలు బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచాయి. వాటిలో చాలావరకు రక్షణ లేకుండా విడివిడిగా వెళుతున్న ఓడలే.

అప్పటి నుండి ఓడలను గుంపుగా, యుద్ధనౌకల కాపలాతో పంపే పద్ధతి మన సముద్రంలో గట్టిపడింది. ఇంగ్లీషు వారు దీనిని కాన్వాయి అన్నారు; మన పాతకాలపు మాటల్లో బిడారు. శ్రీశైలం వెళ్ళే యాత్రికులు దొంగల భయానికి, పులుల భయానికి గుంపు కట్టుకుని అడవి దాటేవారు కదా, అదే లెక్క. కొలంబో నుండి కలకత్తాకు వెళ్ళే బిడార్లకు జె.సి. అని పేరు పెట్టి వరుస నంబర్లు వేసేవారు. బర్మా సరిహద్దులో పోరాడే సైన్యానికి సామాను వెళ్ళాలంటే ఈ దారే ముఖ్యం. ఓడలు వరుసల్లో సాగాలి, రాత్రి దీపం వెలిగించకూడదు, అన్నిటికంటే నెమ్మదిగా నడిచే ఓడ వేగమే అందరి వేగం. కాపలా నౌకల్లో ఆస్డిక్ అనే యంత్రం ఉండేది. అది నీళ్ళలోకి శబ్దాన్ని పంపి, దేనికైనా తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి జలాంతర్గామి ఎంత దూరంలో ఏ దిక్కున ఉందో చెబుతుంది. అప్పుడు దాని మీదుగా వెళ్ళి, పీపాల్లాంటి డెప్త్ ఛార్జీలను జారవిడుస్తారు. అవి నిర్ణయించిన లోతుకు దిగాక పేలుతాయి.

ఈ కాపలా విలువ ఏమిటో 1943 డిసెంబరులో తొమ్మిది రోజుల తేడాతో జరిగిన రెండు సంఘటనలు చెబుతాయి.

డిసెంబరు 14న డైసీ మోలర్ అనే బ్రిటిషు వర్తక నౌక గోదావరి ముఖద్వారాలకు దక్షిణాన, తోడు లేకుండా ఒంటరిగా వెళుతోంది. పెనాంగు స్థావరం నుండి వచ్చిన ఈ రో-110 దానిని టార్పెడోతో కొట్టింది. ఓడ మునిగింది. మనుషులు పడవల్లోకి దిగారు. అంతటితో ఆగి ఉంటే అది యుద్ధం అనుకోవచ్చు. జలాంతర్గామి పైకి తేలి, ఆ పడవలను ఢీకొట్టి, నీళ్ళలో ఈదుతున్నవారి మీద మరతుపాకులు పేల్చింది. యాభై మందికి పైగా చనిపోయారు. మిగిలిన కొద్దిమంది తెప్ప మీద కొట్టుకుపోయి కృష్ణా డెల్టా తీరాన పడ్డారు. యుద్ధం ముగిశాక టోక్యోలో జరిగిన యుద్ధ నేరాల విచారణలో ఈ ఓడ ప్రస్తావన వచ్చింది.

డిసెంబరు 23న జె.సి.30 బిడారులో వెళుతున్న పెషావర్ అనే ఓడను రో-111 అనే మరో జలాంతర్గామి తమిళ తీరం దగ్గర ముంచింది. ఓడ పోయింది గాని మనుషులు దక్కారు. వెంట ఉన్న ఆస్ట్రేలియా కాపలా నౌక ఇప్స్‌విచ్ వారిని నీళ్ళ నుండి ఎక్కించుకుంది.

ఇక ఫిబ్రవరి 11. జె.సి.36 బిడారు విశాఖ దక్షిణంగా సాగుతుండగా రో-110 అస్ఫాలియన్ అనే ఓడను టార్పెడోలతో కొట్టింది. లివర్‌పూల్ కంపెనీ ఓడ అది, ఆరువేల టన్నుల పైమాట. దెబ్బతిన్నది గాని మునగలేదు, తరువాత విశాఖ రేవుకు లాక్కువచ్చారు. ఈసారి ఆ జలాంతర్గామికి దొరికింది ఒంటరి ఓడ కాదు. మన భారత నౌకాదళానికి చెందిన జమునా, ఆస్ట్రేలియా నౌకలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ దాని మీదకు తిరిగాయి. ముందు జమునా, తరువాత ఆ రెండూ డెప్త్ ఛార్జీలు వేశాయి. నీటి పైకి నూనె తేలింది. లోపలివారు ఒక్కరూ బయటపడలేదు. డైసీ మోలర్ ఉదంతానికి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.

ఇది చదివి సంతోషించాలో లేదో నాకు తెలియదు. ఎందుకంటే మర్నాడే, ఫిబ్రవరి 12న, మాల్దీవుల దగ్గర మరో బిడారులోని ఖెదివ్ ఇస్మాయిల్ అనే ఓడను ఐ-27 ముంచింది. రెండు నిమిషాలలోపే ఆ ఓడ అడుగంటింది. తూర్పు ఆఫ్రికా సైనికులు, నర్సులు, నావికులు కలిపి 1,297 మంది పోయారు. జలాంతర్గామి సరిగ్గా ఈదుతున్నవారి కిందే దాక్కుంది. కాపలా నౌకలు తమవారి మధ్యనే డెప్త్ ఛార్జీలు వేయవలసి వచ్చింది. వేయకపోతే మిగతా ఓడలకు ముప్పు. ఆ ఉత్తరువు ఇచ్చిన అధికారి స్థానంలో మనం ఉంటే ఏమి చేసేవాళ్ళమో ఎవరి మటుకు వారే ఆలోచించుకోవాలి. చివరకు ఐ-27 కూడా మునిగింది.

ఈ ఓడల బాయిలర్ల దగ్గర బొగ్గు వేసినవారూ, వంట చేసినవారూ, డెక్కు కడిగినవారూ చాలామంది మన దేశస్థులే. లాస్కర్లు అనేవారు. సిల్హెట్, చిట్టగాంగ్, రత్నగిరి, గోవా ప్రాంతాల బీదవారు ఎక్కువ. తెల్ల నావికుడికి ఇచ్చే జీతంలో వీరికి చిన్న భాగమే ఇచ్చేవారు. 1939లో ఇంగ్లండు రేవుల్లో జీతాల కోసం సమ్మె చేసి కొందరు జైలుకు కూడా వెళ్ళారు. టార్పెడో సాధారణంగా తగిలేది ఓడ అడుగు భాగానికే. అక్కడ పనిచేసే మనిషికి మెట్లెక్కి పైకి వచ్చే సమయం కూడా దొరికేది కాదు.

ఆ యుద్ధంలో చనిపోయిన ఆరువేల మందికి పైగా భారతీయ నావికుల పేర్లకు ముంబయిలోనూ చిట్టగాంగులోనూ స్మారకాలున్నాయి. రాతి మీద చెక్కిన పేర్లు కావవి, బైండు చేసిన రిజిస్టరులో వ్రాసినవి. జీవితమంతా రిజిస్టర్లు వ్రాసినవాడిని కాబట్టి నాకది చిన్నతనంగా తోచలేదు. ముంబయి ప్రతి అక్కడి నావికుల గృహంలో ఉంది. పిల్లల దగ్గరకు ముంబయి వెళ్ళే మన సభ్యులెవరైనా వీలు చూసుకుని ఆ రిజిస్టరు చూసి రావచ్చు.