బంతి అందించిన మనిషి

అమెరికనులు ఫుట్‌బాల్ అని పిలుచుకొనే ఆటలో పాదానికి పని తక్కువ, చేతికీ భుజానికీ పని ఎక్కువ. పేరుకూ వస్తువుకూ ఇట్లా పొంతన కుదరనప్పుడు మన వైయాకరణులు దానిని రూఢి అని సరిపెడతారు. మనమూ అట్లే సరిపెట్టుకొని ముందుకు పోదాము. అమెరికాలో ఉన్న పిల్లల ఇళ్ళకు వెళ్ళి, శీతకాలపు ఆదివారాలలో టీవీ ముందు కూర్చున్న పెద్దలకు ఈ ఆట అర్థం కాకపోవడం సహజమే. నేనూ అట్లా కూర్చున్నవాడినే. మొదట అది కొట్లాటగా కనబడింది. క్రమంగా నా దృష్టి బంతి పట్టుకొని పరుగెత్తేవాడిని వదలి, వాడి ముందు వరుసగా వంగి నిలబడే అయిదుగురి మీద నిలిచింది.

వారిని అఫెన్సివ్ లైన్‌మెన్ అంటారు. దాడిచేసే పక్షంలో ఉంటూ దాడి చేయని వారు. బంతి విసిరేవాడికి రెండు మూడు క్షణాల వ్యవధి చిక్కేటట్లు, మీదికి వచ్చే ఎదుటి పక్షం వారిని దేహంతో ఆపడమే వారి వృత్తి. మామూలుగా, విసిరిన బంతిని వారు అందుకోవడానికి నియమం ఒప్పుకోదు. పత్రికలలో గణాంకాలుండవు. వారి పేరు మైదానంలో వినబడేది తప్పు చేసినప్పుడే. ఆ అయిదుగురిలో నడిమివాడు సెంటర్. రెండు కాళ్ళ సందునుండి బంతిని వెనుకకు అందించి, అదే క్షణంలో తలెత్తి ఎదుటివాడిని ఢీకొనాలి. ఈ రెండు పనుల నడుమ ఊపిరి తీసుకొనే సందు ఉండదు. ఈ వ్యాసం అటువంటి ఒక సెంటర్ గురించి. పేరు మైక్ వెబ్‌స్టర్.

1952లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని టోమహాక్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. బంగాళాదుంపల సేద్యం చేసే కుటుంబం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి, 1974లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టులోకి ఎంపికయ్యాడు, అదీ అయిదవ విడతలో. ఆరడుగుల ఒక అంగుళం ఎత్తు, సుమారు 255 పౌన్ల బరువు. మన కళ్ళకు భీముడే గాని, ఆ వృత్తికి చాలడని పలువురి అభిప్రాయం. ఆ ఏడాది ఆ ఒక్క జట్టు ఎంచుకొన్న కుర్రవారిలో లిన్ స్వాన్, జాక్ లాంబర్ట్, జాన్ స్టాల్‌వర్త్, వెబ్‌స్టర్ — నలుగురూ తరువాత ఆ ఆట కీర్తిమందిరానికి చేరుకొన్నారు. అంతటి ఎంపిక మరొకటి లేదని ఆ ఆట చరిత్రకారులు ఇప్పటికీ చెప్పుకొంటారు.

1975, 1976, 1979, 1980 జనవరి మాసాలలో జరిగిన నాలుగు సూపర్ బౌల్ పోటీలలోను స్టీలర్స్ గెలిచింది. 1976 నుండి నడిమి స్థానం పూర్తిగా వెబ్‌స్టర్‌దే. మంచు కురిసే రోజున కూడా చేతులు భుజాల దాకా బయటపెట్టి ఆడేవాడు. 1974 నుండి 1985 చివరి దాకా వరుసగా 177 ఆటలు, ఒక్కటీ తప్పకుండా ఆడాడు. 1986లో మోచేయి తొలగిపోయి నాలుగు ఆటలు మానవలసి వచ్చింది. జనం ఆయనను ఐరన్ మైక్ అన్నారు. 1988 దాకా పిట్స్‌బర్గ్‌లో ఉండి, మరుసటి ఏడు కాన్సస్ సిటీ జట్టుకు శిక్షకుడిగా వెళ్ళాడు. వెళ్ళినవాడు ఉండబట్టలేక మళ్ళీ మైదానంలో దిగి ఇంకో రెండేళ్ళు ఆడాడు. మొత్తం పదిహేడు సంవత్సరాలు, 245 ఆటలు.

ఈ అంకెలను ఇంకొక విధంగా చదవవలసి ఉంది. ఒక ఆటలో ఒక పక్షం అరవై డెబ్బై సార్లు బంతిని కదిలిస్తుంది. కదిలించిన ప్రతిసారీ సెంటర్ తల ఒకచోట తగులుతుంది. సాధన సమయంలో తగిలేవి వేరు. వెబ్‌స్టర్ వృత్తిలోకి వచ్చిన రోజుల్లో అడ్డుకొనేవాడు చేతులు చాచరాదు, గుండెకు దగ్గరగా ముడుచుకోవాలి. అందుచేత భారమంతా భుజాలమీద, తలమీద పడేది. ఎదుటివాడు మాత్రం అరచేతితో శిరస్త్రాణం పక్కన ఫెడీమని కొట్టవచ్చు. ఆ దెబ్బను 1977లో నిషేధించారు. అడ్డుకొనేవారు చేతులు చాచవచ్చునని 1978లో నియమం మార్చారు. అప్పటికి ఆయన నాలుగేళ్ళు ఆడి ఉన్నాడు.

శిరస్త్రాణం ఉన్నది కదా అని చదువరులు అడుగవచ్చు. అది పుర్రెను కాపాడుతుంది. ఎండిన కురిడీ కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపలి గుండు కదలడం మనకు తెలుసు. పెంకు ఎంత గట్టిదైనా ఆ కదలిక ఆగదు. ఒక్క పెద్ద దెబ్బకు మనిషి పడిపోతే వైద్యుడు వస్తాడు. పడిపోనంతటి చిన్న దెబ్బలు వేలకొలది తగిలితే ఎవరూ రారు. మల్లయుద్ధం కాదుగాని ముష్టియుద్ధం చేసేవారిలో ఈ రోగం ఉందని మార్ట్‌లాండ్ అనే వైద్యుడు 1928లోనే వ్రాశాడు. దాదాపు ఎనభై ఏళ్ళపాటు దానిని ముష్టియోధుల రోగమనే అనుకొన్నారు.

1991లో ఆట మానిన తరువాత వెబ్‌స్టర్ జీవితం వేగంగా చెదరిపోయింది. డబ్బు పోయింది, కాపురం విడిపోయింది. మాట మధ్యలో మరచిపోవడం, కారణం లేని కోపం, నిద్ర పట్టకపోవడం. కొన్నాళ్ళు తన ట్రక్కులోనే పడుకొన్నాడు. 1999లో దొంగ చీటీలతో మందు కొన్న నేరానికి పట్టుబడ్డాడు. ఆ మందు ఏకాగ్రత నిలిపేది! బడిపంతులుగా నిలకడలేని పిల్లలను ఎందరినో చూచినవాడిని గనుక, నడివయసు మనిషి తన మనసును ఒకచోట నిలుపుకోవడం కోసం నేరం చేశాడన్నది నన్ను చాలాసేపు కదలనీయలేదు.

దీనికి ముందు, 1997 జూలైలో కాంటన్ నగరంలో ఆయనను కీర్తిమందిరంలో చేర్చుకొన్నారు. పరిచయం చేసినవాడు టెర్రీ బ్రాడ్‌షా. అన్నేళ్ళూ ఆయన కాళ్ళ సందునుండి బంతి అందుకొన్నవాడు. బ్రాడ్‌షా వేదికమీద ఒక బంతి తీసి, ఒక్కసారి మళ్ళీ అన్నాడు. వెబ్‌స్టర్ వంగి అందించాడు. దేహం ఏమీ మరువలేదు. ఆ తరువాత ఆయన చేసిన ప్రసంగం మాత్రం దారితప్పి ఎటెటో పోయింది.

2002 సెప్టెంబరు 24న గుండెపోటుతో మరణించాడు. వయసు యాభై. శవపరీక్ష చేయవలసిన వంతు బెనెట్ ఒమాలు అనే వైద్యుడిది. నైజీరియానుండి వచ్చినవాడు, ఆ ఆట గురించి అట్టే తెలియనివాడు. తెలిసినవాడైతే ఆ దేహాన్ని వీరుడి దేహంగా చూచి ఊరుకొనేవాడేమో. మెదడు పైకి మామూలుగానే ఉంది. అయినా దానిని భద్రపరచి, పలుచని పొరలుగా కోయించి, సొంత ఖర్చుతో పరీక్షలు చేయించాడు. సూక్ష్మదర్శిని కింద టావ్ అనే మాంసకృత్తు ముద్దలు కట్టి కనబడింది, యాభై ఏళ్ళవాడికి ఉండరాని చోట్ల. 2005లో ఆ సంగతి న్యూరోసర్జరీ అనే పత్రికలో వచ్చింది.

ఆట నడిపే సంస్థ 1994లోనే తలదెబ్బల అధ్యయనానికి ఒక సంఘాన్ని వేసింది. దానికి తొలి అధ్యక్షుడు కీళ్ళవాతాల వైద్యుడు. ఇది నా చమత్కారం కాదు, చరిత్ర. ఆ సంఘ సభ్యులు ఒమాలు వ్యాసాన్ని వెనుకకు తీసుకోవాలని పత్రికకు వ్రాశారు. పత్రిక ఒప్పుకోలేదు. ఒమాలు చూచిన రెండవ మెదడు టెర్రీ లాంగ్‌ది. ఆత్మహత్య చేసుకొన్న అతడూ స్టీలర్స్ జట్టు లైన్‌మన్నే. తరువాత అదే జట్టులో అదే వరుసలో ఆడిన జస్టిన్ స్ట్రెల్‌చిక్ మెదడులోనూ అదే కనబడింది. సంస్థ ప్రతినిధి ఈ రోగానికీ ఆటకూ సంబంధం ఉందని బహిరంగంగా ఒప్పుకొన్నది 2016 మార్చిలో.

విచిత్రమేమంటే, ఆ ఆటగాళ్ళ పింఛను మండలి 1999లోనే వెబ్‌స్టర్ అశక్తతకు ఆటలో తగిలిన తలదెబ్బలే కారణమన్న వైద్యుల మాట అంగీకరించి భృతి మంజూరు చేసింది. ఒక చేయి వ్రాసినది ఇంకొక చేయి చదవలేదు కాబోలు. అయితే అశక్తత ఆట మానిన చాలాకాలానికి వచ్చిందని నిర్ణయించి, తక్కువ తరగతి భృతి ఇచ్చింది. 1991లో మైదానం వదిలేనాటికే మనిషి చెడిపోయి ఉన్నాడని న్యాయవాది వాదన. వ్యాజ్యం ఆయన మరణానంతరమూ నడిచింది. 2005లో దిగువ న్యాయస్థానం, 2006 డిసెంబరులో అప్పీలు న్యాయస్థానం ఆయన పక్షానే తీర్పు చెప్పాయి. పదిహేను లక్షల డాలర్లకు పైబడిన బకాయి తేలింది, నలుగురు పిల్లల తండ్రి పోయిన నాలుగేళ్ళకు.