వినపడని వారికీ చేరవలసిన హెచ్చరిక

ప్రమాద హెచ్చరిక అనగానే మనకు సైరన్ మోత, రేడియోలో వినిపించే గొంతు గుర్తుకు వస్తాయి. మరి చెవులు వినపడని వారి సంగతేమిటి? ఈ ప్రశ్నకు అమెరికా సరైన జవాబు వెతుక్కోవడానికి అరవై ఏళ్ళు పట్టింది. ఆ చరిత్ర మనవాళ్ళకు తెలియాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1951లో ట్రూమన్ హయాంలో వచ్చిన కోనెల్‌రాడ్ పూర్తిగా రేడియో ఏర్పాటు. శత్రు విమానాలు వస్తే ప్రజలు 640 లేదా 1240 కిలోహెర్ట్జ్‌లో వినాలి. 1963లో దాని స్థానంలో ఎమర్జెన్సీ బ్రాడ్‌కాస్ట్ సిస్టమ్ వచ్చింది. అదీ ప్రధానంగా చెవిని నమ్ముకున్నదే.

మార్పుకు దారి చూపింది బాధితులే. వినికిడి లేని భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ 1964లో టెలిప్రింటర్‌ను ఫోనుకు జోడించే పరికరం తయారుచేశారు. అలా పుట్టిన టీటీవై ఫోన్ల నుంచి వచ్చే కాల్స్‌ను 911 కేంద్రాలు నేరుగా అందుకోవాలన్న నియమం, 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం వల్ల వచ్చింది. టీవీలో నోటితో చెప్పే అత్యవసర వివరాలు తెరమీద కూడా కనిపించాలని 2000లో ఎఫ్.సి.సి. ఆదేశించింది. వార్తలు కాని సమయంలో తెర అడుగున పరుగెత్తే అక్షరాలను చూపులేని వారి కోసం చదివి వినిపించాలన్న నియమం 2013లో వచ్చింది.

2005లో కత్రినా తుఫాను వృద్ధులనూ వికలాంగులనూ ఎంత నిస్సహాయులను చేసిందో దేశమంతా చూసింది. మరుసటి ఏడాది చేసిన చట్టం ఫీమాలో వికలాంగుల కోసం ప్రత్యేక సమన్వయకర్త పదవిని ఏర్పరచింది. 2006లోనే వచ్చిన మరో చట్టం ఫలితంగా 2012లో సెల్‌ఫోన్ అలర్టులు మొదలయ్యాయి. వాటి ప్రత్యేకమైన మోత చూపులేని వారి కోసం, ప్రత్యేకమైన ప్రకంపన వినికిడి లేని వారి కోసం కూడా ఉద్దేశించినవే.

ఇక మన మాట. దివిసీమ ఉప్పెన తెలిసిన మనకు, హెచ్చరిక చేరకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మన ఇళ్ళలో ఉండే అమ్మమ్మలు, తాతయ్యల్లో వినికిడి తగ్గినవారూ ఇంగ్లీషు రానివారూ ఎందరో. 2023లో ఎఫ్.సి.సి. ఫోన్ అలర్టులకు పదమూడు అదనపు భాషలను, అమెరికన్ సంజ్ఞా భాషను ఎంచింది. అందులో హిందీ ఉంది, తెలుగు లేదు. వికలాంగుల సంఘాలు దశాబ్దాలుగా అడిగి సాధించుకున్నాయి. మన సంఘాలూ అడగాలి. ఈలోగా పెద్దవాళ్ళ ఫోన్లలో అలర్టులు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసి, ఆ మోత, ఆ ప్రకంపన వస్తే ఏం చేయాలో తెలుగులో చెప్పి ఉంచుదాం.