కారు చక్రాల అమరిక: ఒక పాత సమస్య చరిత్ర

రెండెడ్ల బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం కొద్ది దూరమే నడుస్తుంది; బయటి చక్రం పెద్ద వృత్తం మీద ఎక్కువ దూరం నడుస్తుంది. ఇరుసు ఒకటే కావున రెండు చక్రాల దారులకూ కేంద్రం ఒకటే. నాలుగు చక్రాల బండికి ఇరుసులు రెండు. ఆ రెంటికీ ఒకే కేంద్రం ఎట్లా కుదర్చాలి? చక్రాల అమరిక చరిత్ర ఈ ప్రశ్నతోనే మొదలైనది.

18వ శతాబ్దంలో ఐరోపా గుర్రపు బండ్లలో ముందరి ఇరుసు మొత్తం ఒక నడిమి శీల ఆధారంగా తిరిగేది. గట్టి మలుపులో ముందు చక్రాలు బండి కిందికి చొచ్చుకొనిపోయి, ఆధారం ఇరుకై, బండి బోల్తాపడే అపాయం ఉండేది. ఇంగ్లండులో లిచ్‌ఫీల్డు పట్టణపు వైద్యుడు ఎరాస్మస్ డార్విన్‌కు రోగులను చూడడానికి నిత్యమూ బండి ప్రయాణమే. జీవపరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్‌కు ఈయన తాత. 1759 ప్రాంతంలో ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. ఇరుసును కదలనీయక, దాని రెండు కొసల వద్ద చక్రాలను మాత్రమే వేర్వేరుగా తిప్పాలి. ఐతే ఆయన దీనికి పేటెంటు తీసుకోలేదు.

మ్యూనిక్ నగరపు బండ్ల నిర్మాత గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ ఇదే పద్ధతిని స్వతంత్రంగా రూపొందించాడు. లండనులో పుస్తకాలు, చిత్రాలు ప్రచురించే రుడాల్ఫ్ ఆకర్‌మన్ ఆయన తరఫున 1818లో పేటెంటు పొందాడు. కావుననే అది నేటికీ ఆకర్‌మన్ పద్ధతిగానే పిలువబడుతున్నది. కనుగొన్నవాని పేరు మరుగున పడి, దరఖాస్తు పెట్టినవాని పేరు నిలిచింది.

గుర్రాలు లాగే బండ్లలో ఈ పద్ధతికి అంతగా ఆదరణ దొరకలేదు. యంత్రంతో నడిచే బండ్లు వచ్చిన తరువాతనే దీని అవసరం తెలిసింది. ఫ్రాన్సులో అమెదే బోలే 1873లో నిర్మించిన ఆవిరి బండిలో ముందు చక్రాలు వేర్వేరుగా తిరిగేవి. 1886 నాటి కార్ల్ బెంజ్ మోటారు బండికి మూడే చక్రాలుండడానికి కారణం ఈ చిక్కే. దానికి పరిష్కారం దొరికి, 1893లో పేటెంటు పొందిన తరువాతనే ఆయన నాలుగు చక్రాల కారును అమ్మకానికి తెచ్చాడు.

ఇందులోని రేఖాగణితం సులభమైనదే. ఇరుసుల మధ్య దూరం 2.3 మీటర్లు, ముందు చక్రాల మధ్య దూరం 1.24 మీటర్లు ఉన్న కారు 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతున్నది అనుకొందాం. లోపలి చక్రం సుమారు 28 డిగ్రీలు, బయటి చక్రం సుమారు 22 డిగ్రీలు తిరగాలి. అప్పుడే రెండు చక్రాల అక్షరేఖలూ వెనుక ఇరుసు రేఖ మీద ఒకే బిందువు వద్ద కలుస్తాయి. అట్లా కలవకపోతే ఏదో ఒక టైరు రోడ్డు మీద పక్కకు ఈడ్వబడుతుంది.

మలుపు సంగతి ఇది. తిన్నగా పోవడానికి మరి మూడు కోణాలు కావాలి. ముందునుంచి చూచినప్పుడు చక్రం నిలువుకు ఎంత వాలి ఉన్నదో అది కాంబర్. చక్రాన్ని తిప్పే కింగ్‌పిన్ పైకొస వెనుకకు వాలడం కాస్టర్. సైకిలు ముందు ఫోర్కు ఏటవాలుగా ఉండడంలోని ప్రయోజనమే దీనిలోనూ ఉన్నది; చక్రం తనంతట తానే తిన్నని దారికి వస్తుంది. చక్రాల ముందు అంచులు వెనుక అంచులకంటె కొద్దిగా దగ్గరగా ఉండడం టో-ఇన్. కారు నడిచేటప్పుడు రోడ్డు ఒత్తిడికి కీళ్లలోని వదులు సాగి ముందు చక్రాలు బయటికి విచ్చుకొంటాయి. నిలిచి ఉన్నప్పుడు కొద్దిగా లోపలికి పెడితే నడకలో సమాంతరమవుతాయి.

1920ల నాటికి తక్కువ గాలితో నడిచే లావు టైర్లు, ముందు చక్రాల బ్రేకులు వచ్చాయి. కొంత వేగం అందుకోగానే ముందు చక్రాలు భయంకరంగా వణకసాగాయి. దానికి షిమ్మీ అని పేరు. 1925లో ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ బ్రూల్యే, టైరు తాను చూపుతున్న దిక్కుకే పోదనీ, పక్క బలానికి కొంత జారుతుందనీ వివరించాడు. అమెరికాలో మారిస్ ఆలీ మొదలైనవారి కృషితో 1934 నాటి జనరల్ మోటార్స్ కార్లలో ముందు చక్రాలకు వేర్వేరు సస్పెన్షన్ అమరింది. అమరిక ఇనుముకే కాక రబ్బరుకూ సంబంధించినదని అప్పటికి తేలింది.

ఈ చరిత్ర అంతా ఒక పాత స్పోర్ట్స్ కారులో కనిపిస్తుంది. అలెక్ ఇసిగోనిస్, జాక్ డానియల్స్ రూపొందించిన ముందు సస్పెన్షన్ 1947లో ఎం.జి. వై కారులో వచ్చింది. అదే కొద్ది మార్పులతో 1950లో టి.డి., 1955లో ఎం.జి.ఎ., 1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. కార్లకు దక్కింది. ఎం.జి.బి.కి కాస్టర్ 7 డిగ్రీలు, కాంబర్ సుమారు 1 డిగ్రీ, టో-ఇన్ అంగుళంలో 16వ వంతు మొదలు 32లో 3 వంతుల వరకు. వీటిలో కాంబర్, కాస్టర్ లోహపు భాగాలలోనే స్థిరపడి ఉన్నవి. మెకానిక్ మార్చగలది టో-ఇన్ ఒక్కటే.

ఇక్కడనే నేటి చిక్కు ఉన్నది. పాత లెక్క అంగుళాలలో ఉంటుంది; నేటి యంత్రం కోణాలలో చూపుతుంది. అంగుళంలో 16వ వంతు అనగా 1.6 మిల్లీమీటర్లు. 14 అంగుళాల చక్రపు ఇనుప అంచు వద్ద, అనగా సుమారు 390 మిల్లీమీటర్ల వ్యాసం వద్ద కొలిస్తే అది 14 నిమిషాల కోణం. 620 మిల్లీమీటర్ల టైరు వెలుపలి వ్యాసం వద్ద కొలిస్తే 9 నిమిషాలే. ఒకే కొలత, రెండు కోణాలు! ఎక్కడ కొలిచారో తెలియనిదే అంకెకు అర్థం లేదు.

రెండవ చిక్కు టైరుది. మిషలిన్ సంస్థ 1946లో పేటెంటు పొందిన రేడియల్ టైరు పాత క్రాస్‌ప్లై టైరుకంటె రోడ్డును గట్టిగా పట్టుకొంటుంది. క్రాస్‌ప్లై టైర్ల కాలపు 7 డిగ్రీల కాస్టర్ దీనితో కలిస్తే స్టీరింగు బరువెక్కుతుంది. అది అమరిక తప్పు కాదు. రెండు కాలాల మధ్య ఉన్న తేడా.

మూడవది అరుగుదల. ఈ కారులో షాక్ అబ్జార్బర్ చేయే పై చేతిగా పనిచేస్తుంది. దాని బేరింగు అరిగినా, కింగ్‌పిన్ వదులైనా, రబ్బరు బుష్‌లు నలిగినా, స్ప్రింగు కుంగినా కోణాలు మారుతాయి. వదులుగా ఉన్న చక్రాన్ని ఎంత సూక్ష్మంగా కొలిచినా ఆ కొలత మరుసటి గుంతవరకే నిలుస్తుంది. కావున ముందు అరిగిన భాగాలు, తరువాత టైర్లలో గాలి, ఆ తరువాత కారు ఎత్తు చూడాలి. స్టీరింగును సరిగా మధ్యలో నిలిపి, రెండు రాడ్లను సమానంగా తిప్పాలి. టైరు వెనుక ఇరుసు ఎత్తున సుద్దతో గుర్తుపెట్టి కొలిచి, కారును అర చుట్టు ముందుకు దొర్లించి, అవే గుర్తులను ముందువైపు మళ్లీ కొలిస్తే చక్రపు వంకర లెక్కలోకి చొరబడదు.

చక్రం పోయే దిక్కుకు 1 డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే కిలోమీటరు నడకలో టైరు సుమారు 17 మీటర్లు పక్కకు రాసుకొంటుంది. ముందు టైరు అరుగుతుంది, తరువాత స్టీరింగు పట్టు సడలుతుంది. తడి రోడ్డు మీద ఆ పట్టుమీదనే ప్రాణం ఆధారపడి ఉంటుంది. యంత్రపు తెర మీద అంకె సరిపోవడం పనిలో చివరి మెట్టు మాత్రమే. ఆ అంకె ఏ టైరుకు, ఏ కొలతకు, ఏ కాలానికి చెందినదో తెలిసినవాడే పాత కారును తిన్నగా నడిపించగలుగుతాడు.